ఎర్ర కారు టాపు, ఎడమ లింకు

విరిగిన ఇనుప ముక్కను చూసి అది ఎప్పుడు విరగడం మొదలైందో చెప్పడం నా ఉద్యోగం. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే దారిలో ఒక ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో పని చేస్తాను. రోజూ నా బల్ల మీదికి విరిగిన బోల్టులు, చీలిన పైపు ముక్కలు, పళ్ళు రాలిన గేర్లు వస్తాయి. వాటిని తుడిచి, భూతద్దం కింద పెట్టి, విరిగిన ముఖం చూసి ఒక ఫారం నింపుతాను. ఫారంలో ఆరు గడులుంటాయి. చివరి గడి పేరు 'కారణం'. ముక్కను చూడకుండా ఆ గడి నింపకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే.

మా ఇంట్లో విరిగిన ఒక ముక్క విషయంలో మాత్రం నేను చూడకుండానే కారణం చెప్పాను. పదిమందిలో, గట్టిగా చెప్పాను. రెండేళ్ళ తర్వాత ఆ ముక్కను చేతిలోకి తీసుకునేసరికి, ఎవరికి క్షమాపణ చెప్పాలో ఆయన లేడు.

నాయనకు చిత్తూరులో సీట్లు కుట్టే షాపు ఉండేది. ఆటో సీట్లు, బస్సు సీట్లు, డాక్టరు గదుల్లో పేషెంటును పడుకోబెట్టే బల్లల మీది పరుపులు, ఏవైనా కుట్టేవాడు. షాపు వెనక రేకుల కింద ఆయన ఎర్ర కారు ఉండేది. పాత స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, ముందు రెండు సీట్లు, వెనక పేరుకు ఒక చిన్న సీటు, పైన మడిచి వెనక్కి దించే గుడ్డ టాపు. మద్రాసులో షూటింగులకు కార్లు అద్దెకిచ్చే ఒకాయన ఇంజను పోయిందని మూల పడేస్తే, నాయన దాన్ని లారీలో వేసుకొచ్చాడు. వేరే కారు ఇంజను ఎక్కించాడు. టాపు గుడ్డ చీలికలైపోతే తన మిషను మీదే కొత్తది కుట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు చిత్తూరు చుట్టుపక్కల పెండ్లి ఊరేగింపు అంటే ఆ కారే. నడిపేది నాయనే.

ఆ టాపు కింద ఒక ఇనుప చట్రం ఉంటుంది. అడ్డంగా మూడు కమ్మీలు. వాటిని రెండు పక్కలా కలిపే లింకులు. లింకులను నాయన 'మోచేతులు' అనేవాడు. మోచెయ్యి మడిచినట్టే అవి మడుచుకుంటాయి, టాపు మొత్తం వెనక సీటు వెనకాల గుంతలో పడుకుంటుంది. ఊరేగింపులో కారు ఎగుడుదిగుళ్ళకు ఎగిరినా అది లేవకుండా వెనక ఒక క్యాన్వాసు పట్టీ బిగించి ఉంటుంది.

పెండ్లికొడుకు, పెండ్లికూతురు సీట్లో కూర్చుంటే ఎవరికీ కనబడరు. అందుకని మా వైపు ఆ ఇద్దరినీ మడిచిన టాపు మీదే కూర్చోబెడతారు, కాళ్ళు వెనక సీట్లో పెట్టుకునేట్టు. ఆ కారు తయారుచేసినవాళ్ళు కలలో కూడా అనుకోని వాడకం ఇది. నాయనకు ఆ సంగతి తెలుసు. అందుకే మొదటి పెండ్లికే ఒక టేకు పలక చేయించాడు. అది కారుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటుంది. బరువంతా బాడీ మీద పడుతుంది, కింద ఉన్న చట్రానికి తగలదు. దాని మీద స్పాంజి వేసి ఎర్ర రెక్సిను కుట్టాడు.

పలక తీసేయించింది నేను.

అప్పుడు ఇంజినీరింగు మూడో ఏడు. సెలవులకు వచ్చాను. ఫోటోగ్రాఫర్లు పలక ఎత్తుగా ఉందని గొణుగుతున్నారు. పెండ్లికూతురి తల పూల తోరణానికి తగులుతోంది, ఫోటోలో ఇద్దరూ నిచ్చెన ఎక్కినట్టు పడుతున్నారు. నాయన నన్ను అడిగాడు.

"అబ్బోడా, పలక లేకుండా కుచ్చుంటే మోచేతులు తట్టుకుంటాయా? నువ్వు సదవతా ఉండావు గదా, లెక్కేసి సెప్పు."

లెక్క వేశాను. లింకు మందం కొలిచాను, రివిట్ రంధ్రం కొలిచాను. ఇద్దరి బరువు నూట ముప్పై కిలోలు, జాగ్రత్తకు నూట యాభై. రికార్డు బుక్కులోంచి చింపిన గీతల కాయితం మీద బొమ్మ గీసి, బాణాలు వేసి, చివర రెండు గీతలు కొట్టి రాశాను: 'పలక అవసరం లేదు.'

నాయన ఆ కాయితాన్ని షాపుకు వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. "సూడప్పా, మావోడు యేసిన లెక్క," అనేవాడు. ఒక్క అంకె కూడా ఆయనకు అర్థం కాదు. కాయితం కారు డాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకున్నాడు, లైసెన్సు పక్కన. పలక ఇంటికి వచ్చింది. అమ్మ దాని రెక్సిను ఊడదీసి, పెరట్లో కొళాయి దగ్గర బట్టలు రుద్దుకోవడానికి వేసుకుంది.

నా లెక్కలో ఒక్కటే లేదు. ఊరేగింపులో డప్పులు జోరెక్కగానే పెండ్లికొడుకు స్నేహితులు కారుకు రెండు పక్కలా పట్టుకుని ఊపుతారు. పైన ఇద్దరూ ఎగిరెగిరి పడుతుంటారు. అది లేకపోతే మెరవణి మెరవణే కాదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నేనే ఎన్ని కార్లు ఊపానో! కాయితం మీద మాత్రం ఆ ఇద్దరూ బొమ్మల్లా కదలకుండా కూర్చున్నారు.

అట్లా ఏడేళ్ళు గడిచాయి.

ఆ ఏడేళ్ళ చివర నాయన కొన్ని మరిచిపోయాడు. నేను వాటిని ఫోనులో రాసుకున్నాను. ఒకటి, స్కూటరు బస్టాండు దగ్గర పెట్టి ఇంటికి నడిచి వచ్చాడు. రెండు, షాపు తాళంచెవి అన్నం క్యారియర్‌లో దొరికింది. మూడు, నా సెలవు ఎప్పటిదాకా అని ఒకే రోజు రెండుసార్లు అడిగాడు. ఇంతే. మూడు. తిరుపతిలో డాక్టరుకు చూపిస్తే వయసుకు తగ్గట్టే ఉందన్నాడు. నేను నమ్మలేదు. టాపు లేపడానికి ఏడు పనులు, ఏది ముందు ఏది వెనక అని కార్డు మీద అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి, కారు అద్దం పైన అతికించాను. అందులో రెండోది: వెనక పట్టీ తీయాలి.

నాయన కార్డు చదివి నవ్వాడు. "నేను నేర్పిన పనికి నువ్వు నాకు చీటీ రాసిస్తా ఉండావే!"

కార్తీకంలో పూతలపట్టు దగ్గర ఒక పెండ్లి. నేను కూడా వెళ్ళాను. ఊరేగింపు కూడలి దాటి కల్యాణమండపం వైపు తిరిగింది. ఉన్నట్టుండి వాన. పెండ్లికొడుకు, పెండ్లికూతురు పైనుంచి వెనక సీట్లోకి దిగారు. నేను గొడుగు పట్టుకున్నాను. నాయన కారు ఆపి, దిగి, వెనక్కి వచ్చి, వంగి ఏదో చేసి, టాపు ఎత్తాడు.

టక్‌మని చప్పుడైంది. కుడి పక్క లేచింది, ఎడమ పక్క లేవలేదు. ముందు కమ్మీ వంకరగా వచ్చి పెండ్లికొడుకు తలపాగాను కొట్టింది. పెండ్లికూతురి పట్టుచీర కొంగు చట్రంలో ఇరుక్కుని చిరిగింది. జనం అరుస్తున్నారు. నేను అందరికంటే గట్టిగా అరిచాను.

"వెనక పట్టీ తియ్యకుండా గుంజినావా నాయనా?"

"తీసినా అబ్బోడా."

"తీసింటే ఏంటికి ఇరుగుతుంది? కార్డు రాసి పెట్టినా గదా! సూసుకుంటే ఏం పోతుంది నీకు?"

దీపాల డెకరేషన్ అతను మా పక్కనే తడుస్తూ నిలబడ్డాడు. నాయనకు పాతికేళ్ళ పరిచయం. "పెద్దాయనకు సేతులు ఉడిగిపోయినాయి లేప్పా. ఇంక నువ్వే తోలుకో," అన్నాడు నాతో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. వాన నీళ్ళు వాటి మీదుగా కారుతున్నాయి. తిరుగు ప్రయాణంలో బండి నేనే నడిపాను. ఆయన టాపు లేని తల మీద తువ్వాలు వేసుకుని పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన మాట ఎట్లా మారిందో నాకు వరసగా గుర్తుంది. ఆ రోజు "తీసినా." రెండు రోజులకు "తీసినట్టే ఉండాదే." వారానికి "తియ్యలేదేమో." నెల తిరిగేసరికి, ఎవరో కారు కోసం ఫోను చేస్తే, "లేదప్పా, నాకు మతి నిలవడం లేదు. పట్టీ తియ్యకుండా గుంజి టాపు ఇరగ్గొట్టినా," అని తనే చెప్పాడు. పోనీలే, ఒప్పుకున్నాడు అనుకున్నాను నేను.

నాయన మళ్ళీ ఆ కారులో కూర్చోలేదు. కొన్నాళ్ళకు షాపులో కూడా చేయి ఆడేది కాదు. నేను పనిలో ఉండగా ఫోను చేసేవాడు. "అబ్బోడా, ఆటో సీటు పద్దెనిమిది అంగుళాలని రాసుకున్నా. పద్దెనిమిదేనా?" ముప్పై ఏళ్ళుగా కళ్ళతో చూసి గుడ్డ కత్తిరించిన మనిషి. నేను చూడని సీటు కొలత నన్ను అడిగేవాడు. "ఆ, పద్దెనిమిదే," అని పెట్టేసేవాణ్ణి. మరుసటి ఏడు ఎండలు తగ్గే వేళకు, మిట్టమధ్యాహ్నం షాపులోనే, కుడుతున్న మిషను మీదికి వంగి పోయాడు. గుండె.

మొన్న నాయన ఏడాది కార్యం అయ్యాక అమ్మ అంది. "ఆ కారును అట్లే వానకూ ఎండకూ పెట్టొద్దు నాయనా. ఆయన కుట్టిన గుడ్డ అది. బాగన్నా చెయ్యి, లేకుంటే కప్పెట్టన్నా పెట్టు."

ఆదివారం కూర్చున్నాను. ఎడమ లింకు రెండుగా విరిగింది. ఒక సగం చట్రానికే వేలాడుతోంది. రెండేళ్ళ వానకు అటూ ఇటూ ఒకే రంగు తుప్పు, అందులో చదవడానికి ఏమీ మిగల్లేదు. రెండో సగం కనబడలేదు. నాయన ఆకుపచ్చ రేకు పనిముట్ల పెట్టె తెరిచాను. స్పానర్ల కింద, కాయితంలో చుట్టిన ముక్క దొరికింది. మందంగా గ్రీజు పూసి ఉంది. కాయితం విప్పాను. గీతల కాయితం. బొమ్మ, బాణాలు, నా చేతిరాత. 'పలక అవసరం లేదు.'

గ్రీజును కిరోసిన్‌తో కడిగి, ఎండలోకి వెళ్ళి, విరిగిన ముఖం చూశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. రివిట్ రంధ్రం దగ్గర మొదలై ముప్పావు భాగం దాకా నున్నగా, ముదురు గోధుమ రంగులో ఉంది. ఆలుచిప్ప మీది గీతల్లాగా గీత వెనక గీత. అంటే పగులు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పాకిందని అర్థం. మిగిలిన పావు భాగమే బూడిద రంగులో గరుగ్గా ఉంది. వానలో ఆ క్షణాన విరిగింది ఆ పావు భాగమే. ఎవరు ఎత్తినా, ఎట్లా ఎత్తినా ఆ రోజు విరిగేదే. ఇట్లాంటివి వందల ముక్కలు చూశాను. ఒక్కదాని గురించి కూడా "చివర పట్టుకున్నవాడి తప్పు" అని రాయలేదు.

తర్వాత వెనక పట్టీ చూశాను. టాపు విరిగాక ఆ పట్టీని ఎవరూ ముట్టలేదు. క్లిప్పు ఊడదీసి, కొస వెనక సీటు వైపు వేలాడుతోంది. పట్టీ బిగించి ఉండగా గుంజితే ముందు తెగాల్సింది దాని కుట్టు. నాయన కుట్టిన కుట్టు. లెక్కపెట్టాను, అడ్డంగా నాలుగు వరసలు. ఒక్క పోగు కూడా కదల్లేదు.

ఆయన పట్టీ తీశాడు.

కుడి లింకు కూడా విప్పాను. అది పైకి బాగానే ఉంది. కిరోసిన్ పూసి, తుడిచి, అమ్మ ముగ్గు డబ్బాలోంచి చిటికెడు పిండి తెచ్చి చల్లాను. కాసేపటికి తెల్లటి పిండి మీద రంధ్రం పక్కన వెంట్రుకంత తడి గీత తేలింది. అదీ అదే దారిలో ఉంది. ఇంకో ఏడాది ఊపి ఉంటే అదీ పోయేది.

బైపాస్ దగ్గర ఒక ముసలి వెల్డరు ఉన్నాడు. నాయన చట్రం పనులన్నీ ఆయన దగ్గరే చేయించేవాడు. సగం అరవం, సగం తెలుగు. ముక్కను చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్దాడు.

"తంబీ, ఇది ఒగ దినంలో ఇరిగింది కాదు."

"అవునప్పా. ఇప్పుడే సూసినా."

"ఇప్పుడు సూసేదేంది? మీ నాయన సూసింటాడు గదా. ఇనుము పట్టుకునేటోడికి ఎవురికైనా తెలస్తాదే."

నేను ఆయనకు ఆ కాయితం సంగతి చెప్పలేదు. కానీ అప్పటి నుంచి అదే నా బుర్రలో తిరుగుతోంది. రెండే సాధ్యాలు. ఒకటి: నాయన ముక్కను చూశాడు, పాత పగులని తెలుసుకున్నాడు, పలక తీసేయమన్న కాయితంలోనే దాన్ని చుట్టి, నాకు కనబడకుండా అడుగున పెట్టాడు. తప్పు తన మీద ఉండనిచ్చాడు. రెండు: ఏమీ చూడలేదు, ఏ ముక్కనైనా గ్రీజు పూసి దాచే అలవాటు కొద్దీ, చేతికి దొరికిన కాయితంలో చుట్టాడు. తన మతి పోయిందని నమ్మే పోయాడు. ఏది నిజమో తేల్చే ఆధారం నా దగ్గర లేదు. ఏది తక్కువ బాధో కూడా తేల్చుకోలేకపోయాను. ఒకటి మాత్రం చెప్పగలను. ఆయన గ్రీజు పూయకపోయి ఉంటే ఆ సగం కూడా తుప్పుపట్టి, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పాతది అతికించొద్దన్నాడు వెల్డరు. కుడి లింకును అట్ట మీద పెట్టి గీసి, ఆ అట్టను తిరగేసి ఎడమదానికి గీసుకున్నాం. పాతదాని కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ మందమున్న రేకు కోశాం. రంధ్రాల అంచులు నేనే ఆకురాయితో గుండ్రంగా రుద్దాను, పగులు మొదలయ్యే చోటు అదే కాబట్టి. రెండు పక్కలా కొత్తవి బిగించి, రివిట్లు కొట్టేసరికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ రోజు టాపు గుడ్డ చిరిగిన చోట కుట్టడానికి నాయన మిషను ముందు కూర్చున్నాను. నా కుట్టు వంకరగా వచ్చింది. విప్పలేదు.

పని అయ్యాక అమ్మను కారు దగ్గరికి పిలిచి, పట్టీ చూపించి, అంతా చెప్పాను. పలక, లెక్క, పగులు. ఆమె పట్టీని ముట్టుకుని చూసింది.

"ఆ పెండ్లి మర్సటి పొద్దున," అంది, "మంచం మీద తువ్వాలు పరిసినాడు. 'ఇది టాపు అనుకో' అన్నాడు. ఇట్లా తీసినా, ఇట్లా వొంగినా, ఇట్లా ఎత్తినా అని ఏడు పనులూ నాకు సేసి సూపించినాడు. మళ్ళీ మొదుట్నించీ సూపించినాడు. 'పట్టీ తీసినాను గదమ్మే? నువ్వు సెప్పు' అన్నాడు. నేనేం సెప్పేది? నేను ఆ మెరవణికి రాలేదు. 'నాకేం తెలుసు, అబ్బోడు సెప్పినాడంటే అంతే అయ్యింటుంది' అన్నా."

ఆమె ఏడవలేదు. పట్టీ కొసను మడిచి, సీటు మీద పెట్టి, లోపలికి వెళ్ళింది. ఇంతకాలం ఆ మాట ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

మరుసటి రోజు డెకరేషన్ అతని గోడౌనుకు వెళ్ళాను. ఆయన తీగల చుట్టల మధ్య కూర్చుని బల్బులు మారుస్తున్నాడు. విరిగిన ముక్కను చేతిలో పట్టుకుని వెళ్ళాను, సాక్ష్యానికి.

"ఆ పొద్దు పూతలపట్టు పెండ్లిలో టాపు ఇరిగింది మా నాయన వల్ల కాదన్నా. తప్పు నాది."

"ఏ టాపప్పా?"

"వాన వచ్చె గదా. నువ్వు ఆడే ఉంటివి. సేతులు ఉడిగిపోయినాయి అంటివే."

"నేనట్లా అన్నానా?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఆ వానలో నా సీరియల్ లైట్ల సెట్లు మూడు కాలిపోయినాయి. అది గుర్తుండాది. మీ నాయనా? బంగారట్లాంటి మనిషి. ఆయన సేతిలో ఏమిరిగినాయి? నాకు తెలిసి ఏమీ ఇరగలేదే."

ముక్కను జేబులో పెట్టుకుని వచ్చేశాను. పెండ్లివాళ్ళకు గుర్తుందో లేదో వెళ్ళి అడగలేదు. నాయన చచ్చేదాకా మోసిన మాట, అన్నవాడి దగ్గర ఒక్క వారమైనా నిలిచినట్టు లేదు.

ఇంటికి వచ్చి పెరట్లో పలక ఎత్తాను. తొమ్మిదేళ్ళు సబ్బు నీళ్ళు తాగి అంచులు మెత్తబడ్డాయి, మధ్యలో అమ్మ చేతి రుద్దుడుకు నున్నగా పల్లం పడింది. టేకు కాబట్టి లోపల గట్టిగానే ఉంది. రెండు రోజులు నీడన ఆరబెట్టి, కారుకు అడ్డంగా వేసి చూశాను. నాయన పెట్టిన కొలత. రెండు పక్కలా అంచు మీద ఖచ్చితంగా కూర్చుంది. ఈ సారి ఎవరి తల తోరణానికి తగిలినా సరే.

తర్వాత పలక తీసి, టాపు లేపాను. కార్డు చూడలేదు. గుడ్డ కవరు తీయడం, వెనక పట్టీ తీయడం, గుడ్డ ఎక్కడా ఇరుక్కోలేదని చూసుకోవడం, రెండు పక్కలా సమంగా ఎత్తడం, మోచేతులు చాపడం, ముందు కమ్మీ అద్దం దాకా లాగడం, కొక్కేలు నొక్కడం. చప్పుడు లేకుండా మూసుకుంది. లోపల చీకటిగా, పాత రెక్సిను వాసనతో ఉంది. డ్రైవరు సీట్లో కాదు, పక్క సీట్లో కూర్చున్నాను. ఆ రోజు తువ్వాలు వేసుకుని ఆయన కూర్చున్న సీటు.

ఫ్యాక్టరీ నుంచి ఒక ఖాళీ ఫారం తెచ్చుకున్నాను. మోకాలి మీద పెట్టుకుని నింపాను. వస్తువు: టాపు చట్రం, ఎడమ లింకు. పదార్థం: ఉక్కు. విరిగిన చోటు: రివిట్ రంధ్రం. వాడిన కాలం: తెలియదు. పరిశీలన: పాత పగులు, ముప్పావు భాగం; పట్టీ తీసి ఉంది, కుట్టు చెదరలేదు. మిగిలింది కారణం గడి. ఫ్యాక్టరీలో అక్కడ మనిషి పేరు రాయం. 'పలక తీసేయించడం' అని రాసి, పక్కన 'లెక్క తప్పు' అని రాసి, కింద సంతకం చేశాను.

ముక్కకు మళ్ళీ గ్రీజు పూశాను. ఫారంలో చుట్టి, గీతల కాయితం కూడా దానితోనే పెట్టి, రేకు పెట్టెలో అన్ని స్పానర్ల పైన పెట్టాను. తెరవగానే కనబడేట్టు.